నీళ్లలో కరగని బంక

సత్తెనపల్లిలో నాగూర్ వలి పురుగుమందుల కొట్టు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఈ ఇరవై ఆరేళ్లలో ఆ కొట్టు నుంచి వట్టి చేతులతో వెళ్లిన రైతు ఒక్కడు లేడు. రైతు ముడుచుకుపోయిన మిరపాకు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తాడు. వలి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఆకుని వెలుతురుకి పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వినగానే రైతుకి సగం ధైర్యం వస్తుంది. మిగతా సగం సీసాల్లో వస్తుంది. ఒకటి పురుక్కి, ఒకటి తెగులుకి, ఒకటి బలానికి. ఒక్క సీసా ఇస్తే రైతు కదలడు, "ఇంతేనా?" అని నిలబడతాడు. మూడిస్తే తృప్తిగా పోతాడు. ఆకుముడత వైరస్‌కి అసలు మందే లేదని కంపెనీ వాళ్లు హోటల్లో మీటింగు పెట్టి, బిర్యానీ పెట్టి మరీ చెప్పారు. వలి బిర్యానీ తిన్నాడు. వైరస్‌కీ మూడు సీసాలు ఇస్తూనే ఉన్నాడు. లేదంటే రైతు పక్క కొట్టుకి పోతాడు. అక్కడ నాలుగిస్తారు.

అలాంటి మనిషి భార్యని గుంటూరు బ్రాడీపేటలో లివర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ ఒక్క సీసా కూడా రాయలేదు.

డాక్టర్ దీప్తికి ముప్ఫై అయిదేళ్లుంటాయి. స్కాన్ కాగితం చూసి నెమ్మదిగా చెప్పింది. "కొవ్వు పట్టి పట్టి లివర్ మీద మచ్చ కట్టిందండి. గట్టిపడుతోంది. నెంబరు పదకొండున్నర వచ్చింది. మూడో దశ అంటాం."

క్లినిక్ పైఅంతస్తులో కోచింగ్ సెంటరుంది. మెట్ల నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. వాటి ప్రభావమేమో, వలి అడిగాడు. "పాస్ మార్కు ఎంతండి?"

"ఏడు లోపు ఉంటే బావుండేది."

"తక్కువొస్తే మంచిదన్నమాట. ర్యాంకులాగా."

"అనుకోండి," అంది డాక్టరు. "ఆంటీ బరువు తగ్గాలి. రోజూ నడవాలి. షుగరు అదుపులో ఉండాలి, ఆ మాత్రలు మార్చి రాశాను. మూడు నెలలాగి మళ్లీ చూద్దాం. నాలుగో దశకి వెళ్లకూడదు."

"మచ్చకి మందు?"

"ప్రస్తుతానికి నడకేనండి. ఇంకో మాట. బయట టానిక్కులూ పసర్లూ ఏవీ వాడకండి. లోపలికి ఏది వెళ్లినా లివరే మొయ్యాలి."

వలి చుట్టూ చూశాడు, ఇంకెవరైనా అసలు డాక్టరు లోపల్నుంచి వస్తారేమోనని. ఎవరూ రాలేదు. అతని భార్య జైతున్‌బీ చీర కొంగు సర్దుకుంటూ లేచింది. "నడవమంది, అంతేగా. పదండి," అంది. బయటికొచ్చి ఆటో ఎక్కారు.

ఇంట్లో ఆ రోజే ఒక తీర్మానం జరిగింది. ఎవరడిగినా గ్యాస్ అని చెప్పాలి. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ చుక్క ముట్టలేదు. అయినా లివర్ అన్న మాట బయటికి పొక్కితే లోకం ఒక్కటే ప్రశ్న వేస్తుంది. జబ్బు జైతున్‌బీకి వచ్చిందంటే ఆ ప్రశ్న వలి మీదికి వస్తుంది. చిలకలూరిపేటలో ఉండే మరదలు సిద్దికా అయితే మూడు నిమిషాల్లో ఫోన్ చేస్తుంది. "అయ్యో, బావగారు ఎప్పట్నుంచి తాగుతున్నారక్కా? నీకు దిగులుతో వచ్చుంటుంది." కాబట్టి గ్యాస్. గ్యాస్ అందరికీ ఉంటుంది. గ్యాస్ లేనివాణ్ని బంధువులు అనుమానంగా చూస్తారు.

వలికి ఆ రోజు నుంచి నిద్ర లేదు. మూడో దశ తర్వాత నాలుగు, నాలుగు తర్వాత ఏముందో అతనికి తెలుసు, పొలాల్లో చూశాడు. కొమ్మ ఎండు తెగులు మొదలైన మొక్క పైకి పచ్చగానే ఉంటుంది. అతను ఆలోచించి ఆలోచించి తనకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతి మొదలుపెట్టాడు.

మొదట మూడు టానిక్కులు. ఒకటి లివర్‌కి, ఒకటి రక్తానికి, ఒకటి బలానికి. తర్వాత పుప్పొడి మాత్రలు. తర్వాత ఆన్‌లైన్లో తెప్పించిన రాయల్ జెల్లీ, రాణి ఈగ తినేదట, సీసా చూస్తే గ్లూకోజ్ సీసా మూత అంత. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల తేనె. షుగరు పేషెంటుకి తేనె ఏమిటని ఇంట్లో ఎవరూ అడగలేదు. తేనె సహజమైంది కదా. తెలుగువాడు సహజమైంది అన్న మాట వింటే చెంచా దానంతట అదే నోట్లోకి వెళ్లిపోతుంది.

నెల తిరిగేసరికి జైతున్‌బీకి అన్నం చూస్తే వికారం మొదలైంది. ఒళ్లంతా దురద. వలి దాన్ని జబ్బు ముదరడం అనుకున్నాడు. డోసు పెంచాడు.

అప్పుడే అతని ఫోన్లో ఒక వ్యాసం తగిలింది. తేనెటీగలు పెట్టెలో పూసే బంక ఉంటుందట, దాన్ని ప్రోపోలిస్ అంటారట. ఎలుకలకి లివర్ పాడుచేసి, ఆ బంక పట్టిస్తే మచ్చ తగ్గిందట.

"ఎలుకల్లో చేశారు నాన్నా," అంది కూతురు ఫిజా. ఆ అమ్మాయి గుంటూర్లో బి.ఫార్మసీ మూడో సంవత్సరం చదువుతోంది, రోజూ బస్సులో పోయొస్తుంది. "మనుషుల్లో ఇంకా సరిగ్గా తేలలేదు."

"ఎలుక్కి ఉండేదీ లివరే కదమ్మా. ఎలుకెంత బరువుంటుంది?"

"రెండొందల యాభై గ్రాములు. ఎందుకు?"

వలి బల్ల మీది క్యాలిక్యులేటర్ తీసుకున్నాడు. ఎకరానికి ఎంత, పంపుకి ఎంత అని లెక్క కట్టే చెయ్యి కదా, క్షణంలో తేల్చేశాడు. "మీ అమ్మ మూడు వందల పన్నెండు ఎలుకలు."

మంచం మీద పడుకున్న జైతున్‌బీ కళ్లు తెరిచింది. "వింటున్నా. ఇరవయ్యేడేళ్లు వండి పెట్టినందుకు చివరికి ఎలుకల మందనయ్యా."

ఆన్‌లైన్లో దొరికే బంక మీద వలికి నమ్మకం కుదరలేదు. కల్తీ ఎలా జరుగుతుందో వ్యాపారంలో ఉన్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అసలైన బంక కావాలి. సత్తెనపల్లికి పన్నెండు కిలోమీటర్లలో మిరప, పత్తి చేల మధ్య ఆదెయ్య తేనెటీగల పెట్టెలు పెట్టుకుంటాడు. వలి పొద్దున్నే స్కూటర్ తీశాడు.

ఆదెయ్య అరవై దాటిన మనిషి. గట్టు మీద కూర్చుని పెట్టె చట్రాన్ని ఉలిలాంటి దానితో గీకుతున్నాడు. వలిని చూసి లేవలేదు.

"రావయ్యా, రా. ఇంకా పన్నెండు పెట్టెలు మిగిలాయి. వాటిక్కూడా మందు తెచ్చావా?"

"అదేం మాట ఆదెయ్యా."

"మాట కాదు, లెక్క. పోయినేడు నలభై పెట్టెలు. చేలు పువ్వు మీదున్నప్పుడు నీ రైతులు పొద్దున్నే మందు కొట్టారు. సాయంత్రానికి పెట్టెల ముందు ఈగలు కుప్పలు కుప్పలు. చీపురుతో ఊడ్చుకున్నా. వాసన చూస్తే నీ కొట్టు వాసనే."

వలి చెప్పులు విడిచి గట్టు మీద కూలబడ్డాడు. బంక గురించి చెప్పాడు. ఎవరికని ఆదెయ్య అడిగితే "తెలిసినవాళ్లకి" అన్నాడు. ఇంకోసారి అడిగితే "ఇంట్లో" అన్నాడు. మూడోసారి ఆదెయ్య అడగలేదు, ఊరికే చూశాడు. వలి మొహం పక్కకి తిప్పుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. రెండు నెలల్లో వలి గ్యాస్ అని చెప్పని మొదటి మనిషి ఆదెయ్యే.

"పెట్టెకి ఎక్కడ సందున్నా ఈ బంకతో పూడుస్తాయి ఈగలు," అన్నాడు ఆదెయ్య. "మేం గీకి పారేస్తాం. కానీ ఒకటి చెప్తా విను. గాలికి వచ్చేదీ, ఆకు మీద పడ్డదీ అన్నీ దీనికే అంటుకుంటాయి. నీ కొట్లో ఎన్ని రకాలున్నాయో ఇందులో అన్నీ ఉంటాయి. మందు తగలని చేనేదో నువ్వే చెప్పు, ఆ పక్క పెట్టెలో గీకిస్తా."

వలి లేచి నిలబడి చుట్టూ చూశాడు. తూర్పున వీరబాబు మిరప, ఈ నెల్లో నాలుగుసార్లు మందు. ఉత్తరాన పత్తి, మూడుసార్లు. పడమట మళ్లీ మిరప, వాళ్లకి నల్ల తామర పురుక్కని తనే డబుల్ డోసు చెప్పాడు. దక్షిణాన రోడ్డు. రోడ్డుకవతల తన బావమరిది చేను, మందు తన కొట్టుదే. వలి నెమ్మదిగా కూర్చున్నాడు.

"లేదు," అన్నాడు.

"లేదుగా. ఉంటే నేనక్కడే ఉందును." ఆదెయ్య పాకలోకి వెళ్లి హార్లిక్స్ సీసా తెచ్చాడు. అడుగున నల్లగా, గోధుమగా ముక్కలు. "మాచెర్ల అవతల అడవంచున పెట్టినప్పటిది. నీక్కావాల్సింది ఇదే. డబ్బులొద్దు. చుట్టుపక్కల ఎవరు ఎప్పుడు కొడతారో ముందురోజు ఫోన్ చెయ్యి. చీకట్లో, ఈగలు లోపలున్నప్పుడే పెట్టెలు మూసుకుంటా. అంతే."

ఆ రోజు నుంచి వలి జీవితంలో ఇంకో ఉద్యోగం చేరింది. రైతు సీసాలు పట్టుకుని గడప దాటగానే కొట్టు వెనక్కి వెళ్లి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "రేపు, తూర్పు చేను," అని గుసగుసలాడేవాడు. పైగా ఈగలు పెట్టెల్లోకి చేరాక, సాయంత్రమే కొట్టమని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"సాయంత్రం పురుగు నిద్రపోద్దిగా వలి గారూ?" అన్నాడు వీరబాబు.

"నిద్రలో పోతే దానికి నొప్పి ఉండదయ్యా."

వీరబాబు చాలాసేపు ఆలోచించి, ఆ మాటలో ఏదో శాస్త్రం ఉందనుకుని వెళ్లిపోయాడు.

బంక ఇంటికొచ్చింది. నీళ్లలో వేస్తే తేలింది. వేడినీళ్లలో వేస్తే గిన్నెకి అంటుకుంది. ఆ గిన్నె ఇప్పటికీ ఎవరూ వాడట్లేదు. తేనెలో కలిపితే తేనె పాడైంది. ఫిజాని అడిగితే పుస్తకంలోంచి తల ఎత్తకుండా చెప్పింది.

"నీళ్లలో కరగదు నాన్నా. ఆల్కహాల్లో నానబెడతారు."

"ఇంకెందులో కరుగుతుంది?"

"మన పని కాదు నాన్నా అది. వదిలెయ్. అసలు అమ్మకి ఏమేం ఇస్తున్నావు నువ్వు?"

వలి చెప్పులేసుకుని కొట్టుకి పోయాడు. రెండ్రోజులు ఊరికే తిరిగాడు. లివర్ జబ్బుకి మందు దొరికింది, అది సారాయిలో తప్ప దిగదట. ఇందులో నవ్వు ఎక్కడుందో పైనున్నవాడికే తెలియాలి. మూడో రోజు జైతున్‌బీ వాంతి చేసుకుని బాత్రూం గోడ పట్టుకుని నిలబడింది. ఆమె కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. వలి స్కూటర్ తాళాలు తీసుకున్నాడు.

దాచేపల్లి వెళ్లాడు. అక్కడైతే సిమెంటు ఫ్యాక్టరీల లారీవాళ్లు, దుమ్ము, తనని ఎరిగినవాళ్లు ఉండరు. హెల్మెట్ తియ్యకుండా వైన్ షాపు ముందు నిలబడ్డాడు. ఆ హెల్మెట్ పురుగుమందుల కంపెనీ డీలర్లకి బహుమతిగా ఇచ్చింది. వెనకవైపు మిరపకాయ బొమ్మ, దాని కింద "నాగూర్ వలి, సత్తెనపల్లి" అని ఉంటుంది. వెనకవైపు కాబట్టి అతనికి గుర్తు లేదు.

"ఏది కావాలి?" అన్నాడు కౌంటర్లో మనిషి.

"బాగా ఘాటుగా ఉండేది. లివర్ కోసం."

"ఇక్కడున్నవన్నీ దానికేనండి. ఒకటి చెప్పండి."

సీసా చేతిలోకి తీసుకుని తిరిగాడు. వెనక వీరబాబు ఉన్నాడు. వీరబాబుకి కూడా తనని ఎరిగినవాళ్లు లేని ఊరు కావాలి, అతని పెళ్లాం అంకమ్మకి సత్తెనపల్లిలో కళ్లు ఎక్కువ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"సిమెంటు కోసం వచ్చా," అన్నాడు వలి.

"నేనూ సిమెంటుకే," అన్నాడు వీరబాబు, వలి చేతిలోని సీసా చూస్తూ. "బస్తా దొరకలా?"

మర్నాడు కొట్లో మిరపాకు తెచ్చిన ప్రతి రైతూ బేరం అయ్యాక ఒక్క నిమిషం ఆగి, గొంతు తగ్గించి, "మానెయ్యండి వలి గారూ, ఆరోగ్యం ముఖ్యం," అని చెప్పి వెళ్లాడు. ఇరవై ఆరేళ్లుగా అందరికీ సలహాలు ఇచ్చిన మనిషికి ఒకే రోజున అన్నీ తిరిగొచ్చాయి. మధ్యాహ్నానికి సిద్దికా ఫోన్ చేసింది. వలి ఎత్తలేదు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి వంటింట్లోకి వెళ్లాడు. బంక నానేసిన సీసా బియ్యం డబ్బా వెనక ఉంది. పది రోజులు నానాలని వీడియోలో చెప్పారు, అయిదు రోజులే అయింది. ఇంక ఆగేంత ధైర్యం అతనికి లేదు. స్టీలు గ్లాసులో రెండు చెంచాలు వంచాడు. ఎర్రమట్టి నీళ్లలా ఉంది. వాసన గుప్పుమంది.

వెనక గడపలో జైతున్‌బీ నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో తెలియదు.

"అదా దాచేపల్లి సిమెంటు?"

వలి గ్లాసు దాచబోయాడు. దాచడానికి ఆ వంటింట్లో చోటు లేదు.

"బంక జైతూ. ఈగల బంక. ఎలుకల్లో తగ్గిందంట. వేరేదాంట్లో కరగడం లేదు, ఏం చెయ్యను? రెండు చెంచాలే. పైనున్నవాడు క్షమిస్తాడు, నేనడుక్కుంటా, పాపం నా మీద వేసుకుంటా."

ఆమె వచ్చి బల్ల మీద కూర్చుంది. ఊపిరి కాస్త ఎగపోస్తోంది. చెయ్యి చాపింది. "ఇటివ్వు."

"తాగుతావా?"

"ఇచ్చినవన్నీ తాగలేదా? టానిక్కులు తాగా, పుప్పొడి మింగా. రాణీ ఈగ కూడు కూడా తిన్నా. దీనికొక్కదానికి వద్దంటానా? ఇటివ్వు. ఒక్క మాట చెప్పి ఇవ్వు. దీంతో తగ్గుద్దని నీకు నమ్మకముందా? రైతు చేతిలో సీసా పెట్టి, తిరుగులేదు పో అంటావు చూడు, అంత నమ్మకముందా?"

వలి గ్లాసు వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఇరవై ఆరేళ్లుగా దానంతట అదే వచ్చే మాట, ఇప్పుడు రాలేదు.

"రైతుకి చెప్పేటప్పుడూ లేదు," అన్నాడు.

జైతున్‌బీ చెయ్యి అలాగే చాపి ఉంది. కాసేపటికి దించుకుంది. బయట ఎవరో కూరగాయల బండివాడు మైకులో టమాటాలు అరుస్తూ పోయాడు. 

"మరి నాకెందుకు ఇచ్చావయ్యా ఇవన్నీ?"

"ఊరికే కూర్చోలేక," అన్నాడు వలి. అని అక్కడే, పొయ్యి పక్కన నేల మీద, చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చున్నాడు. "నువ్వట్టా అరిగిపోతుంటే చేతులు కట్టుకుని ఎట్టా చూడను? ఆవిడేమో నడవమంటుంది. నడక కూడా ఒక మందేనా? దానికో సీసా ఉండదు, మూత ఉండదు, ఏమీ ఉండదు."

"నువ్వు నన్ను ఒక్కరోజైనా నడవనిచ్చావా? నీరసం, పడుకో పడుకో అన్నావు." ఆమె గ్లాసు పక్కకి జరిపింది. "నాకూ భయమే. నువ్వు తెచ్చిందల్లా నేను తాగింది అందుకే. రేపు గుంటూరు పోదాం. ఏమేం పోశావో అన్నీ ఆవిడకి చెప్పు. ఒక్కటి దాచినా నేను చెప్తా."

మర్నాడు డాక్టర్ దీప్తి రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివింది. ఆ రెండోసారి వలికి స్కాన్ నెంబరు కంటే ఎక్కువ చెప్పింది. రక్తంలో లివర్ నెంబరు పోయినసారి కంటే రెండింతలు దాటింది. షుగరు సంగతి ఇంక చెప్పక్కర్లేదు. వలి జేబులోంచి కాగితం తీశాడు. కొట్టు పేరున్న కాగితమే, ఇంట్లో అవే ఉంటాయి. ఏడు పేర్లు, పక్కన డోసు, పూటకి ఎన్నిసార్లో. రైతులకి రాసే అలవాటు కాబట్టి చాలా పొందిగ్గా ఉంది.

డాక్టరు పెన్ను తీసుకుని ఒక్కోటీ కొట్టేసుకుంటూ వచ్చింది. "ఇది ఆపండి. ఇదీ ఆపండి. ఇందులో ఏముందో సీసా మీద కూడా లేదు. తేనె ఎవరు చెప్పారండీ మీకు?" వలి తల దించుకునే ఉన్నాడు. చివరి పేరు దగ్గర పెన్ను ఆగింది. "ప్రోపోలిస్. ఇది ఇచ్చారా?"

"లేదు మేడం. గ్లాసులో పోశాను. ఇవ్వలేదు."

"దీని మీద పరిశోధనలైతే జరుగుతున్నాయి. ఎలుకల్లో బాగానే కనిపించింది. అబద్ధం కాదు. మనుషుల్లో ఎంత, ఎవరికి, ఎన్నాళ్లు, ఇంకా తెలియదు."

"ఎప్పటికి తెలుస్తుంది?"

"ఏళ్లు పట్టొచ్చు."

"ఈవిడ లివర్‌కి అన్నేళ్లు ఉన్నాయా మేడం?"

జైతున్‌బీ భర్త వైపు కాకుండా డాక్టరు వైపు చూసింది. డాక్టరు ఆవిడకే జవాబు చెప్పింది. "ఇప్పుడు పెరిగింది ఈ పోసినవాటి వల్ల కావచ్చాంటీ. అన్నీ ఆపితే దిగొచ్చు. రెండు వారాల్లో తెలుస్తుంది. దిగకపోతే అడ్మిట్ చేస్తాను. దిగితే మళ్లీ మొదట్నుంచి మొదలుపెడదాం. కాస్త కాస్త నడక, ఓపికున్నంతే."

"దిగుద్దంటారా?" అన్నాడు వలి.

"తెలియదండి," అంది డాక్టరు.

ఆ మాట అంత సుళువుగా అనగలిగినందుకు వలి ఆవిణ్ని వింతగా చూశాడు.

బయట ఎండ చురుక్కుమంటోంది. వలి ఆటో పిలిచాడు. జైతున్‌బీ ఎక్కలేదు.

"బస్టాండుకి నడుద్దాం."

"కళ్లు తిరిగి పడతావు."

"పడితే లేపు."

నడిచారు. ఆమె చెప్పులు ఈడుస్తూ, కొంగు నెత్తిన వేసుకుని, దుకాణాల నీడ పట్టుకుని నడిచింది. ఆటో కాసేపు వాళ్ల పక్కనే నెమ్మదిగా వచ్చి, బేరం లేదని తేల్చుకుని పోయింది. ఒక సందు దాటారు. రెండో సందు మొదట్లో ఆమె ఒక కోచింగ్ సెంటరు మెట్ల మీద కూలబడింది. సంచులు తగిలించుకున్న పిల్లలు ఆమె పక్కనుంచి తప్పుకుని పైకి పోతున్నారు. ఆమె చీలమండలు వాచి ఉన్నాయి. మొహం నిండా చెమట. వలి ఫైలుతో విసరడం మొదలుపెట్టాడు.

"ఇంకెంత దూరం?" అంది.

వచ్చేశాం, ఆ మలుపు తిరిగితే అదే, అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పచ్చటి కళ్లు ఎత్తి అతని మొహంలోకే చూస్తోంది.

"సగం కూడా కాలేదు," అన్నాడు.

"సగం కూడానా?"

"కాలేదు జైతూ. ఆటో పిలవనా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మెట్టు మీద చెయ్యి ఆన్చి, అది చాలక అతని మోచెయ్యి పట్టుకుని, రెండో ప్రయత్నానికి లేచింది.

"నోరు మూసుకుని నడువు," అంది.

వలి నోరు మూసుకున్నాడు. ఆమెకి ఒక్క అడుగు వెనకగా, తూలితే చేతికి అందేంత దూరంలో, నడిచాడు.